లాఫ్ట్, బేస్‌మెంట్ గదులుగా మార్చేటప్పుడు అగ్నిభద్రత: ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్నవారికి సమగ్ర మార్గదర్శి

"లాఫ్ట్‌లో గది వేయించుకుంటున్నాం. పని జరిగేది పైన. మరి కింద ఉన్న తలుపులన్నీ ఎందుకు మార్చమంటున్నారు?" స్లౌ నుంచి ఒకరు, మిల్టన్ కీన్స్ నుంచి ఇంకొకరు, మొన్న రెడింగ్ నుంచి మరొకరు ఇదే అడిగారు. బిల్డర్ కొటేషన్‌లో ఫైర్ డోర్ల కింద పెద్ద అంకె కనబడగానే అందరికీ వచ్చే అనుమానమే.

లాఫ్ట్ అంటే పైకప్పు కింది అటక. రెండంతస్తుల ఇంటిమీద అక్కడ గది వేస్తే అది మూడంతస్తుల ఇల్లు అయిపోతుంది. రాత్రి రెండింటికి కింద వంటగదిలో నిప్పు అంటుకుంటే, పైన పడుకున్నవాళ్లు దిగడానికి మెట్లొక్కటే దారి. ఆ మెట్ల దారిలోకి అరగంటపాటు మంటను రానివ్వకుండా ఆపాలి. తలుపులు, గోడలు, అలారాలు అన్నీ ఆ ఒక్క పని కోసమే. ఇది బుర్రలో పెట్టుకుంటే ఇకముందు చెప్పే నిబంధనలు ఎందుకున్నాయో మీకే తెలిసిపోతుంది.

ఇక్కడ చెప్పేది ఇంగ్లండ్ నిబంధనల గురించి, అంటే అగ్నిభద్రత మీద ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శక పత్రం, అప్రూవ్డ్ డాక్యుమెంట్ బి మొదటి సంపుటం. వేల్స్‌కు, స్కాట్లాండ్‌కు, ఉత్తర ఐర్లండ్‌కు వేరే పత్రాలున్నాయి. అదీ ఒకే కుటుంబం ఉండే ఇంటికి మాత్రమే. ఫ్లాట్లకు, గదులు విడివిడిగా అద్దెకిచ్చే ఇళ్లకు లెక్క వేరు.

## 1. ముందు టేపు పట్టుకుని బయటికి వెళ్లండి

బయట నేల నుంచి, లాఫ్ట్‌లో వేయబోయే ఫ్లోర్ పై అంచు దాకా ఎంత ఎత్తు వస్తుందో కొలవండి. ఇంటి చుట్టూ నేల ఎత్తుపల్లాలుగా ఉంటే పల్లం వైపు నుంచి కొలవాలి. ఆ అంకెను బట్టి మీరు ఈ మూడింటిలో ఒక వర్గంలోకి వస్తారు.

4.5 మీటర్ల లోపు. బంగళా తరహా ఒంటి అంతస్తు ఇంటిమీద లాఫ్ట్ గది వేస్తే సాధారణంగా ఇందులోకి వస్తుంది. పై గదులు ఒక్కోదానికి బయటపడే కిటికీ ఒకటి ఉంటే చాలు.

4.5 మీటర్లు దాటి ఒక్క అంతస్తు. మామూలు రెండంతస్తుల టెర్రస్ (వరుసగా ఆనుకుని కట్టినవి), సెమీ (జంటగా ఆనుకుని కట్టినవి) ఇళ్ల లాఫ్ట్ ఇక్కడికే వస్తుంది. కిటికీ లెక్కలోకి రాదు. పైనుంచి వీధి తలుపు దాకా రక్షిత మెట్ల దారి కావాలి.

7.5 మీటర్లు దాటితే. ఇప్పటికే మూడంతస్తులున్న ఇంటిమీద ఇంకో అంతస్తు వేయడం లాంటిది. రక్షిత మెట్లతోపాటు రెండో దారి గానీ, ఇంటినిండా స్ప్రింక్లర్లు (మంట అంటుకుంటే వాటంతటవే నీళ్లు చల్లేవి) గానీ కావాలి. ఈ వర్గంలో ఉంటే డిజైన్ మొదలవ్వకముందే ఫైర్ ఇంజనీర్‌తో మాట్లాడండి.

బయటపడే కిటికీ కొలతలు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. బేస్‌మెంట్‌కూ ఇవే పనికొస్తాయి:

- తెరిచినప్పుడు అడ్డులేని ఖాళీ కనీసం 0.33 చదరపు మీటర్లు
- వెడల్పు, ఎత్తు ఏదీ 450 మి.మీ. కంటే తగ్గకూడదు
- ఖాళీ కింది అంచు గది నేల నుంచి 1100 మి.మీ. కంటే ఎత్తులో ఉండకూడదు
- తెరిచాక చేత్తో పట్టుకోకుండానే తెరిచి నిలబడాలి

450 బై 450 ఉంటే చాలంటారు కొందరు. చాలదు. గుణించి చూడండి, 0.2 చదరపు మీటర్లే వస్తుంది. వెడల్పు 450 అయితే ఎత్తు దాదాపు 735 మి.మీ. ఉండాలి.

"పక్కింటివాళ్లు వాలు కిటికీ పెట్టి సరిపెట్టారు కదా" అని కూడా అడుగుతుంటారు. 2007కు ముందు చేసిన లాఫ్ట్‌లలో బయటినుంచి నిచ్చెన వేసి దించేలా వాలు కిటికీని ఒప్పుకునేవారు. ఇప్పుడు రెండంతస్తుల ఇంటి లాఫ్ట్‌కు అది చెల్లదు. పాత లాఫ్ట్‌ను చూసి కొత్త లాఫ్ట్ గీయించకండి.

## 2. దారిని ఎర్ర పెన్నుతో గీయండి

ప్రతి అంతస్తు ప్లాన్‌నూ ఒక కాగితం మీద వేసుకోండి, కొలతలు అటూ ఇటూ అయినా పర్లేదు. లాఫ్ట్ గది మంచం దగ్గర మొదలుపెట్టి వీధిలోకి వచ్చేదాకా ఎర్ర గీత గీయండి. ఆ గీత హాల్లోంచి గానీ వంటగదిలోంచి గానీ వెళ్తే అక్కడ సమస్య ఉన్నట్టే.

తరువాత ఆ గీతను ఆనుకుని ఉన్నవన్నీ లెక్కపెట్టండి:

- దానిమీదికి తెరుచుకునే ప్రతి గది తలుపు
- మెట్ల కింది అర, అందులో ఉన్న మీటర్లు, ఫ్యూజ్ బాక్స్
- తలుపుల పైన ఉండే పాత గాజు పలకలు, హాల్లోకి ఉన్న గాజు తలుపులు
- గోడకు ఎప్పుడో కొట్టించిన కిటికీలు, వడ్డించడానికి వంటగది గోడలో తీసిన కంత
- గరాజ్‌లోకి తలుపు

నన్నడిగితే మొత్తం పనిలో అతి విలువైన గంట ఇదే. ఆర్కిటెక్ట్‌ను పిలవకముందే ఇది చేస్తే, లాఫ్ట్ గది ఎంత పెద్దదన్న ప్రశ్నకంటే మెట్లు ఎక్కడ పడతాయన్న ప్రశ్న ముందు వస్తుంది. నిజానికి ముందు రావాల్సింది కూడా అదే.

## 3. అనుమతులు, పొరుగువారు: పని మొదలవ్వకముందే

ప్లానింగ్ పర్మిషన్ వేరు, బిల్డింగ్ రెగ్యులేషన్స్ ఆమోదం వేరు. చాలా లాఫ్ట్‌లకు మొదటిది అక్కర్లేదు. టెర్రస్ ఇంటికి 40, సెమీ లేదా డిటాచ్డ్ (విడిగా ఉన్న) ఇంటికి 50 ఘనపు మీటర్ల వరకు, మిగతా షరతులకు లోబడి, అనుమతి లేకుండానే చేసుకోవచ్చు. దీన్నే పర్మిటెడ్ డెవలప్‌మెంట్ అంటారు. రెండోది మాత్రం తప్పదు. "పర్మిటెడ్ డెవలప్‌మెంటే కదా, ఎవర్నీ అడగక్కర్లేదు" అనే బిల్డర్ ఈ రెండింటినీ కలిపేస్తున్నాడు.

బిల్డింగ్ కంట్రోల్ (పని నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసే తనిఖీ) కోసం కౌన్సిల్‌కు వెళ్లవచ్చు, లేదా నమోదైన ప్రైవేటు అప్రూవర్‌ను పెట్టుకోవచ్చు. కౌన్సిల్ అయితే "ఫుల్ ప్లాన్స్" దరఖాస్తే పెట్టండి. అందులో గోడ కట్టకముందే డ్రాయింగ్‌లు చూసి తప్పులు చెబుతారు. బిల్డింగ్ నోటీసు ఇచ్చి మొదలుపెడితే ఆ తప్పులు కట్టాక బయటపడతాయి, విరగ్గొట్టే ఖర్చు మీ మీద పడుతుంది.

ఉమ్మడి గోడలో బీమ్ పెట్టాలంటే 1996 పార్టీ వాల్ చట్టం కింద పొరుగువారికి 2 నెలల ముందు నోటీసు ఇవ్వాలి. బేస్‌మెంట్ కోసం వాళ్ల కట్టడానికి 3 మీటర్ల లోపు (లోతును బట్టి కొన్నిసార్లు 6 మీటర్ల లోపు) తవ్వాలంటే ఒక నెల. నోటీసు పోస్టులో పడేసేకంటే ముందు వెళ్లి టీ తాగుతూ మాట్లాడటం మంచిది.

## 4. మెట్ల దారిని మూసివేయడం

రక్షిత మెట్లు అంటే మెట్ల చుట్టూ 30 నిమిషాలు మంటను ఆపే గోడలు, గదుల వైపు కనీసం 20 నిమిషాలు ఆపే తలుపులు. అది లాఫ్ట్ నుంచి తెగకుండా వీధి తలుపు దాకా రావాలి. లేకపోతే కింద రెండు వేర్వేరు బయటి తలుపులకు దారి ఇచ్చి, ఆ రెండు దారులనూ ఒకదాని నుంచి ఒకటి ఫైర్ గోడతో, ఫైర్ డోర్‌తో విడగొట్టాలి.

కొత్త గోడ మామూలుగా చెక్క స్టడ్‌లకు (నిలువు కర్రలకు) రెండువైపులా 12.5 మి.మీ. ప్లాస్టర్‌బోర్డు వేసి, జాయింట్లు పూసి కడతారు. పాత ఇటుక గోడకు సమస్య లేదు. పాత చెక్కపట్టీల ప్లాస్టర్ గోడ అయితే పగుళ్లు ఉన్నాయేమో చూసి, అవసరమైతే పైన బోర్డు వేయాలి.

మనవాళ్ల ఇళ్లలో చిక్కు ఎక్కడొస్తుందంటే, కింద గోడలన్నీ తీసేసి హాలు, డైనింగ్, వంటగది ఒక్కటి చేసేసి ఉంటాం. మెట్లు ఆ హాల్లోకే దిగుతాయి. అప్పుడు మూడు మార్గాలున్నాయి.

ఎ. గోడ తిరిగి కట్టడం. మెట్ల నుంచి వీధి తలుపు దాకా సన్నటి నడవా వస్తుంది. హాలు ఒక మీటరు తగ్గుతుంది. ఖర్చు తక్కువ, ఎవరూ వాదించరు. వీలైతే ఇదే చేయండి.

బి. రెండు బయటి దారులు. మెట్లు దిగగానే ముందు గదిలోంచి ఒక తలుపు, వెనుక గదిలోంచి ఇంకో తలుపు. రెండు గదుల మధ్య ఫైర్ గోడ ఉండాలి.

సి. స్ప్రింక్లర్ లేదా వాటర్ మిస్ట్. కింద ఓపెన్ హాలు అలాగే ఉంచి, అక్కడ స్ప్రింక్లర్లు పెట్టి, కింది అంతస్తునూ పై అంతస్తులనూ ఫైర్ గోడ, ఫైర్ డోర్‌తో విడగొడతారు. లాఫ్ట్‌లో ఉన్నవాళ్లు మొదటి అంతస్తు గదిలోని బయటపడే కిటికీ దగ్గరికి రాగలగాలి. వంటగదిని మాత్రం ఆ ఓపెన్ హాలు నుంచి ఫైర్ గోడతో వేరు చేయాలి. ఈ చివరి మాట చాలామంది వినరు. డబ్బు కట్టి స్ప్రింక్లర్లు పెట్టించాక కూడా వంటగది తెరిచే ఉంచుతామంటే కుదరదు.

లాఫ్ట్ మెట్లు పడకగదిలోంచి ఎక్కేలా గీస్తే కూడా ఒప్పుకోరు. అవి ల్యాండింగ్ (మెట్ల పైచివర ఉండే చదును చోటు) మీది నుంచే, అదే రక్షిత గోడల మధ్య నుంచే ఎక్కాలి.

## 5. తలుపులు

నిబంధన అడిగేది 20 నిమిషాల తలుపే. కానీ బజార్లో తేలిగ్గా దొరికేది ఎఫ్‌డీ30, అంటే 30 నిమిషాలు ఆపే తలుపు. అదే కొనండి, ఎక్కువగా 44 మి.మీ. మందం ఉంటుంది.

హాలు, వంటగది, పడకగదులు, స్టోర్ అరలు, అంటే ఎర్ర గీత మీదికి తెరుచుకునేవన్నీ మార్చాలి. బాత్‌రూమ్‌కు మిగతా గదులతో ఉన్న గోడలు 30 నిమిషాలు ఆపేవైతే దాని తలుపు మార్చక్కర్లేదు. పాత విక్టోరియన్ తలుపులు అందంగా ఉన్నాయని ఉంచుకోవాలనుకుంటే, వాటిని బలపరచి చూపించే పద్ధతులున్నాయి. ముందే బిల్డింగ్ కంట్రోల్ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడండి.

ఫైర్ డోర్ అంటే తలుపు రెక్క ఒక్కటే కాదు. ఫ్రేమ్, మూడు ఫైర్ రేటింగ్ బందులు, తాళం, వేడికి ఉబ్బి సందు మూసే ఇంట్యుమెసెంట్ పట్టీ, అన్నీ కలిపితేనే అది పనిచేస్తుంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. తలుపులు బిగించాక కార్పెట్ వేశారు, తలుపు నేలకు రాసుకుంది. కార్పెంటర్ మంచివాడే, తలుపు దించి కిందా పక్కనా కాస్త చిత్రిక పట్టి మళ్లీ వేశాడు. తరువాతి వారం ఇన్‌స్పెక్టర్ వచ్చి, జేబులోంచి ఒక పౌండ్ నాణెం తీసి, తలుపుకూ ఫ్రేముకూ మధ్య సందులో పైనుంచి జరుపుకుంటూ వచ్చారు. నాణెం మందం 3 మి.మీ. కంటే కాస్త తక్కువ. పైన బిగుతుగా కదిలింది. హ్యాండిల్ దగ్గరికి వచ్చేసరికి వేళ్లలోంచి జారి అటువైపు పడిపోయింది. తయారీదారు కాగితంలో ఎంత చెక్కవచ్చో రాసి ఉంది, మావాడు అంతకు రెండింతలు చెక్కాడు. కొత్త తలుపు కొనాల్సి వచ్చింది.

అందుకని తలుపుల దగ్గర ఇవి చూసుకోండి:

- ముందు నేల పని, కార్పెట్ మందం తేల్చుకుని తరువాతే తలుపు బిగించండి
- పక్కలా పైనా సందు సుమారు 3 మి.మీ.
- తలుపు అంచున ఉన్న లేబుల్‌నో ప్లగ్‌నో పీకకండి, దానిమీద పెయింట్ వేయకండి
- ఉబ్బే పట్టీ మీద కూడా పెయింట్ పూతలు వద్దు
- గాజు ఉంటే ఫైర్ రేటింగ్ గాజే, దానికి తగ్గ బీడింగ్‌తో
- కొన్నప్పుడు వచ్చిన కాగితాలన్నీ దాచండి

తలుపు తానే మూసుకునే స్ప్రింగు ఇంటి లోపలి తలుపులకు తప్పనిసరి కాదు. గరాజ్‌లోకి ఉన్న తలుపుకు మాత్రం కావాలి. అది 30 నిమిషాలు మంటను, పొగను ఆపేదై ఉండాలి. దాని గడప గరాజ్ నేలకంటే 100 మి.మీ. ఎత్తులో ఉండాలి, లేదా గరాజ్ నేల బయటికి వాలుగా ఉండాలి. కారు నుంచి కారిన పెట్రోలు ఇంట్లోకి పారకుండా అన్నమాట.

స్ప్రింగు లేదు కాబట్టి రాత్రి తలుపులు మూసే బాధ్యత మనది. తెరిచి ఉన్న ఫైర్ డోర్ దేన్నీ ఆపలేదు.

## 6. నేల, ఉమ్మడి గోడ, స్టీలు

కొత్త ఫ్లోర్ 30 నిమిషాలు ఆగాలి. లాఫ్ట్‌లో రెండు గదులకు మించకుండా, 50 చదరపు మీటర్లు దాటకుండా ఉంటే పాత ఫ్లోర్‌కు కొంత సడలింపు ఉంది. బరువు మోయడం 30 నిమిషాలు, మంట, వేడి ఆపడం 15 నిమిషాలు చాలు. కానీ ఆ సడలింపు గదుల మధ్య ఉన్న భాగానికే. ల్యాండింగ్ మీది భాగానికి పూర్తి 30 నిమిషాలు కావాలి.

పాత చెక్కపట్టీల సీలింగ్‌ను ఉంచుకుంటూనే బలపరచాలంటే, జాయిస్టుల (నేలను మోసే దూలాల) మధ్య ఇనుప వల వేసి దానిమీద మినరల్ ఊల్ (కాలని రాతి ఉన్ని) పరుస్తారు. సీలింగ్ కాలి పడిపోయినా ఊల్ వలమీద నిలిచి మంటను ఆపుతుంది. వల మామూలు కోళ్ల గూటికి కట్టేదే. ప్లాస్టిక్ వల పనికిరాదు.

సీలింగ్‌కు కంత పెట్టి దించే లైట్లు ఫైర్ రేటింగ్ ఉన్నవి, మీ తరహా జాయిస్టులకు పరీక్షించినవి కొనండి. ప్రతి కంతా ఆ 30 నిమిషాల పొరలో ఒక చిల్లే.

స్టీలు బీమ్ కాలదు గానీ, సుమారు 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే దాన్ని ప్లాస్టర్‌బోర్డుతో కప్పాలి, లేదా ఇంట్యుమెసెంట్ పెయింట్ వేయాలి. కప్పకముందు ఒక ఫోటో తీసుకోండి.

ఇక ఉమ్మడి గోడ. సాయంత్రం చీకటి పడ్డాక లాఫ్ట్ ఎక్కి, మీ టార్చ్ ఆర్పి ఆ గోడ వైపు చూడండి. పాత టెర్రస్ ఇళ్లలో పైకప్పు దగ్గర ఇటుకలు ఊడిపోయి ఉంటాయి. మేం చూసినప్పుడు రెండు ఇటుకల సందులోంచి పక్కింటి లాఫ్ట్ బల్బు వెలుగు మా ట్యాంకు మీద పడుతూ కనిపించింది. వెలుగు వచ్చే దారిలో పొగ కూడా వస్తుంది. రెండు ఇళ్ల మధ్య గోడ 60 నిమిషాలు ఆగాలి, పెంకుల అడుగు దాకా తెగకుండా వెళ్లాలి, చివరి సందును ఫైర్‌స్టాపింగ్‌తో (మంటను, పొగను ఆపే పూరకంతో) మూయాలి. ఇన్సులేషన్ వేశాక ఈ గోడ కనబడదు కాబట్టి ఇది మొదటి వారంలోనే చేయించండి.

డార్మర్ (పైకప్పు వాలులోంచి పొడుచుకొచ్చేలా కట్టే కిటికీ భాగం) పక్క గోడ సరిహద్దుకు ఒక మీటరు లోపు ఉంటే దానికీ రెండువైపుల నుంచి 30 నిమిషాల రక్షణ కావాలి. అక్కడ పెద్ద కిటికీ కుదరదు.

## 7. అలారాలు

లాఫ్ట్‌లో గది వేస్తే అలారాలు ఆ ఒక్క అంతస్తుకే కాదు, ఇంటి మొత్తానికీ వస్తాయి. కనీస స్థాయి గ్రేడ్ డీ2, వర్గం ఎల్‌డీ3. అంటే కరెంటు లైనుకు కలిపి, లోపల బ్యాటరీ కూడా ఉండాలి, ఒకటి మోగితే అన్నీ మోగాలి.

- ప్రతి అంతస్తులో నడవా లేదా ల్యాండింగ్ మీద ఒకటి
- ఏ గది తలుపుకైనా 7.5 మీటర్ల లోపు
- సీలింగ్ మీద, గోడకూ లైటుకూ కనీసం 300 మి.మీ. దూరంలో
- బ్యాటరీ మార్చడానికి అందేలా. సరిగ్గా మెట్ల మీద వద్దు, నిచ్చెన వేయడానికి చోటుండదు
- వంటగదికీ మెట్ల దారికీ మధ్య తలుపు లేకపోతే వంటగదిలో వేడిని పట్టే అలారం కూడా

నా మాట వింటే వంటగదికి తలుపు ఉన్నా వేడి అలారం పెట్టించండి. పొగ అలారం అయితే పోపు వేసినప్పుడల్లా, ఎండుమిర్చి వేయించినప్పుడల్లా మోగుతుంది. మూడోసారికి ఎవరో ఒకరు విసుగెత్తి దాన్ని పీకేస్తారు. వేడి అలారం ఘాటుకు మోగదు.

గ్యాస్ బాయిలర్ కొత్తది పెట్టినా, మార్చినా ఆ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. 2022 అక్టోబరు నుంచి ఇది తప్పనిసరి.

## 8. బేస్‌మెంట్

లాఫ్ట్‌లో సమస్య ఎత్తు. బేస్‌మెంట్‌లో సమస్య పొగ దారి. పొగ పైకే పోతుంది. కింద నిప్పు అంటుకుంటే మెట్లు పొగగొట్టంలా మారతాయి, సరిగ్గా ఆ మెట్ల మీదుగానే మనిషి ఎక్కి రావాలి.

అందుకే బేస్‌మెంట్‌లో మనుషులుండే గది ఉంటే ఈ రెంటిలో ఒకటి కావాలి:

1. బేస్‌మెంట్ నుంచే నేరుగా బయటపడే కిటికీ లేదా తలుపు, లేక
2. బేస్‌మెంట్ నుంచి బయటి తలుపు దాకా రక్షిత మెట్లు

"పడకగది కాదండీ, ఆఫీసు మాత్రమే" అంటారు. ఆఫీసైనా, టీవీ గదైనా, పిల్లలు ఆడుకునే గదైనా మనుషులు ఉండే గదే. ఈ నిబంధనల లెక్కలో వంటగది కూడా అంతే. స్టోరు, బాత్‌రూమ్ మాత్రం కాదు.

మెట్లు ఎక్కి వచ్చేది వంటగదిలోకైతే రెండో మార్గం చెల్లదు. అప్పుడు కిటికీయే దిక్కు. కిటికీకి ముందు వెలుతురు గొయ్యి, ఇక్కడివాళ్లు లైట్‌వెల్ అంటారు, తవ్వాలి. అక్కడ ఇవి చూడండి:

- కిటికీ పూర్తిగా తెరుచుకున్నాక కూడా పెద్దవాళ్లు గోతిలో నిలబడగలగాలి
- పైకి ఎక్కడానికి మెట్లు లేదా గోడకు బిగించిన నిచ్చెన
- పైన ఇనుప చట్రం ఉంటే లోపలి నుంచి తాళంచెవి లేకుండా, ఒంటిచేత్తో ఎత్తగలగాలి
- వెనుక పెరట్లోకి ఎక్కితే అక్కడి నుంచి వీధిలోకి దారి. దారి లేని పెరడైతే, ఇంటి గోడ నుంచి పెరటి లోతు ఇంటి ఎత్తుకంటే ఎక్కువ ఉండాలి

చివరిదాన్ని వరుస ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు. చిన్న పెరడులో చిక్కుకుపోయినవాళ్ల మీద మండుతున్న ఇంటి వేడి, పగిలిన అద్దాలు పడతాయి.

బేస్‌మెంట్ సీలింగ్, అంటే పై హాలు నేల, 30 నిమిషాలు ఆగాలి. పాత ఇళ్లలో అక్కడ సీలింగే ఉండదు, జాయిస్టులు, వాటిమీది పలకలు నేరుగా కనిపిస్తాయి. బోర్డు వేయించాలి, పైపులూ వైర్లూ వెళ్లే కంతలన్నీ మూయించాలి. ఫ్యూజ్ బాక్స్ కింద ఉంటే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి, మంట అంటని లోహపు పెట్టెకు మార్పించండి.

## 9. పైనా కిందా రెండూ మారుస్తుంటే

చాలా ఇళ్లలో బేస్‌మెంట్ మెట్లు సరిగ్గా పై మెట్ల కిందే ఉంటాయి. కింద పుట్టిన పొగ పై మెట్లలోకి వస్తే, లాఫ్ట్‌లో నిద్రపోయేవాళ్ల ఒకే ఒక్క దారి పోతుంది. రెండు వేర్వేరు కాంట్రాక్టర్లకు రెండు వేర్వేరు సంవత్సరాల్లో పని ఇస్తే ఈ సంగతి ఎవరికీ కనబడదు.

బేస్‌మెంట్ మెట్ల పైచివర ఫైర్ డోర్ పెట్టించండి. పై మెట్ల అడుగు భాగానికి బోర్డు వేయించండి. బేస్‌మెంట్‌కు మెట్ల దారి చాలని డ్రాయింగ్‌లో ఉన్నా, లైట్‌వెల్ కిటికీ కూడా వీలవుతుందేమో చూడమని అడగండి. ఇప్పుడు లాఫ్ట్ ఒక్కటే చేస్తున్నా, ముందుముందు కింద కూడా చేసే ఆలోచన ఉంటే ఇన్‌స్పెక్టర్‌కు ఇప్పుడే చెప్పండి.

## 10. పని జరిగే వరుస

1. కొలతలు, ఎర్ర గీత, ఫోటోలు
2. డ్రాయింగ్‌లు, ఫుల్ ప్లాన్స్ దరఖాస్తు, పార్టీ వాల్ నోటీసు
3. ఉమ్మడి గోడ సందులు మూయడం
4. స్టీలు, జాయిస్టులు. కప్పకముందు ఇన్‌స్పెక్టర్
5. మెట్ల గోడలు, బేస్‌మెంట్ సీలింగ్
6. వైరింగ్, అలారం లైన్లు, పైపుల కంతలు మూయడం. బోర్డు వేయకముందు మళ్లీ ఇన్‌స్పెక్టర్
7. బోర్డులు, ప్లాస్టర్, నేల
8. తలుపులు
9. అలారాలు బిగించడం, అన్నీ కలిసి మోగుతున్నాయో లేదో చూడటం
10. చివరి తనిఖీ, కంప్లీషన్ సర్టిఫికెట్ (పని నిబంధనల ప్రకారం ముగిసిందన్న పత్రం)

లాఫ్ట్ పని నడుస్తున్నన్నాళ్లూ కింద మీరు అదే ఇంట్లో ఉంటారు. కొత్త మెట్ల కోసం సీలింగ్ కొట్టి తెరిచిన రోజు నుంచి తాత్కాలికంగానైనా బ్యాటరీ అలారాలు పెట్టుకోండి.

బిల్డర్‌కు చివరి వాయిదా కంప్లీషన్ సర్టిఫికెట్ చేతికి వచ్చాకే ఇస్తామని మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి. సర్టిఫికెట్ లేకపోతే ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి లాయరు అక్కడే ఆగిపోతాడు.

## 11. తరచూ జరిగే తప్పులు, వాటికి సవరణలు

ఇల్లు కొన్నప్పుడే లాఫ్ట్ గది ఉంది, కాగితాలు లేవు. కౌన్సిల్‌లో రెగ్యులరైజేషన్ దరఖాస్తు, అంటే అయిపోయిన పనికి తరువాత ఆమోదం అడిగేది, పెట్టవచ్చు. 1985 నవంబరు 11 తరువాత చేసిన పనులకు ఇది వర్తిస్తుంది. కొన్నిచోట్ల గోడ, సీలింగ్ తెరిచి చూపించాల్సి రావచ్చు. అప్పటిదాకా అక్కడ ఎవరినీ పడుకోబెట్టకండి.

తనిఖీ అయ్యాక పాత తలుపులు తిరిగి పెట్టడం. బరువుగా ఉన్నాయని, రంగు నచ్చలేదని కొందరు చేస్తారు. నచ్చిన డిజైన్‌లోనే ఫైర్ డోర్ దొరుకుతుంది, ముందే ఎంచుకోండి.

తలుపు సందులో నురగ కొట్టడం. ఫ్రేముకూ గోడకూ మధ్య మామూలు నురగ చాలదు. ఫైర్ రేటింగ్ ఉన్నదాన్ని, ఆ సందు కొలతకు పరీక్షించినదాన్నే వాడాలి.

మెట్ల కింద ఈ-బైక్ ఛార్జింగ్. లిథియం బ్యాటరీ అంటుకుంటే క్షణాల్లో దారి మూసుకుపోతుంది. స్కూటరైనా సైకిలైనా ఎర్ర గీత మీద ఛార్జింగ్ పెట్టకండి.

ల్యాండింగ్ మీద పూజ. మా అత్తయ్యగారు వచ్చినప్పుడు మెట్ల పైన మూల బాగుంది, అక్కడ పటాలు పెట్టుకుందామన్నారు. "అత్తయ్యగారూ, పైనుంచి పిల్లలు దిగాల్సిన దారి ఇదొక్కటే" అంటే వెంటనే ఒప్పుకున్నారు. దీపం ఇప్పుడు వెనుక గదిలో, ఇత్తడి పళ్లెం మీద, తెరలకు దూరంగా వెలుగుతోంది.

గదులు అద్దెకివ్వడం. కొత్తగా వచ్చిన విద్యార్థులకు లాఫ్ట్, బేస్‌మెంట్ విడివిడిగా ఇస్తే, ఎంతమంది ఉంటారన్నదాన్ని బట్టి ఇల్లు హెచ్‌ఎంఓ (వేర్వేరు కుటుంబాలవాళ్లు కలిసి ఉండే ఇల్లు) కావచ్చు. రెండు లేదా అంతకంటే ఎక్కువ కుటుంబాలకు చెందిన ఐదుగురు ఉంటే లైసెన్సు తప్పనిసరి, కొన్ని కౌన్సిళ్లలో అంతకంటే తక్కువమందికి కూడా. ఫైర్ నిబంధనలు ఇంకా గట్టిగా ఉంటాయి. ఇవ్వకముందే కౌన్సిల్‌ను అడగండి.

## 12. గదిలోకి మారిన మొదటి రోజు

- పరీక్ష బటన్ నొక్కి అలారాలన్నీ కలిసి మోగించండి. లాఫ్ట్‌లో తలుపు వేసుకుని పడుకుంటే వినబడుతోందా?
- వీధి తలుపు తాళం లోపలి నుంచి తాళంచెవి లేకుండా తిప్పే రకానికి మార్చండి. ఇది నా సలహా
- మెట్ల మీద చెప్పుల స్టాండ్, సూట్‌కేసులు, ఆరబెట్టిన బట్టలు ఉంటే తీసేయండి
- మీ ప్రాంత ఫైర్ సర్వీసును పిలిస్తే ఉచితంగా ఇంటికి వచ్చి చూస్తారేమో కనుక్కోండి
- పిల్లలకూ పెద్దలకూ అత్యవసర సహాయానికి 999 నంబరు, ఇంటి పోస్ట్‌కోడ్ నోటికి వచ్చేలా నేర్పండి

ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు లాఫ్ట్‌లోనో కిందనో పడుకుంటే మొదటి రాత్రే లైట్లు ఆర్పి, వాళ్లతో కలిసి ఒకసారి నడవండి. మా ఇంట్లో లాఫ్ట్ గుమ్మం నుంచి వీధి తలుపు దాకా 26 మెట్లు, మధ్యలో ఒక మలుపు. మా నాన్నగారు చేత్తో గోడను తడుముతూ లెక్కపెట్టుకుంటూ దిగి, తలుపు తీసి, ఎదురింటి గేటు దగ్గర నిలబడ్డారు. అందరం అక్కడే కలుసుకోవాలని అనుకున్నాం. మళ్లీ ఒకసారి చేద్దామని ఆయనే అన్నారు, రెండోసారి కళ్లద్దాలు లేకుండా.